కోట మీది తెల్లగుడ్డ

సౌత్‌సీ,
2 మార్చి 2014

రెజ్ తమ్ముడూ,

నువ్వు పంపిన కవరు నిన్న అందింది. బంగారు అంచు చూసి ఎవరిదో పెళ్ళి పిలుపనుకున్నాను. ఈ వయసులో నన్ను పిలిచేవాళ్ళెవరా అని విప్పి చూస్తే గల్‌శాండ్ కోట! ఇద్దరికి ఒక రోజు బస, రానూపోనూ పడవ, షాంపేన్, విందు, పైన మిద్దె మీద వేడినీళ్ళ తొట్టి. అక్క ఎనభై ఒకటో పుట్టినరోజుకి ఆస్ట్రేలియా నుంచి తమ్ముడి కానుక. నీకు మతి గానీ పోయిందా?

ఫోన్ చేసి తిడదామనుకున్నాను. నేను అరిస్తే పక్కింటి మావిస్ ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొస్తుంది, నువ్వు మాత్రం అక్కడ "ఆఁ? ఆఁ?" అంటావు. ఓడల రేవులో రివెట్లు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్నవాడితో ఉత్తరమే నయం.

కవరులో ఒక రంగుల కాగితం కూడా పెట్టావు. ఆ హోటల్‌కి వెళ్ళొచ్చిన ఒకావిడ "ప్రపంచం చివర ఉన్నట్టు అనిపించింది" అని మురిసిపోతూ రాసింది. డబ్బిచ్చి మరీ అనిపించుకుంది. యుద్ధంలో నాన్న ఆ కోటలో ఫిరంగి దగ్గర ఉన్నప్పుడు ఆయనకీ అలాగే అనిపించి ఉంటుంది, కాకపోతే ఆయన్ని ఎవరూ రాసివ్వమనలేదు. తడిగోడ పక్కన గడ్డిపరుపు మీద పడుకున్న మనిషి. ఇప్పుడు అవే గదుల్లో దిండ్లు ఎంచుకోమని పట్టిక ఇస్తారట, గట్టివా, మెత్తనివా, బాతు ఈకలవా అని.

నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలని లేదు. వంటింటి కిటికీలోంచి రోజూ కనిపిస్తూనే ఉంటుంది, సముద్రం మధ్యలో ఎవరో పెట్టి మరిచిపోయిన కేకులా. అంత దూరం నుంచి చూడటమే నాకు చాలు. కానీ ఏప్రిల్‌లో నువ్వూ వస్తున్నానని రాశావు. నిన్ను చూసి పదకొండేళ్ళయింది. నువ్వు వస్తే నీ చేయి పట్టుకుని పడవ ఎక్కుతాను, రాకపోతే ఎక్కను. ఇది గట్టి మాట.

నీ కూతురు లినెట్‌కి నా ముద్దులు. ఆ పిల్ల ఇంకా కూరగాయలు మాత్రమే తింటోందా?

నీ అక్క,
ఎడ్నా


హోబార్ట్,
12 మార్చి 2014

అక్కా,

తిట్లు అందాయి. మంచి ఆరోగ్యంగా ఉన్నావని అర్థమైంది.

ఒక సంగతి చెబుతాను, గిన్నె విసరకు. నేను రాలేకపోతున్నాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అన్ని గంటలు విమానంలో ముడుచుకుని కూర్చుంటే మళ్ళీ నిలబడలేవని డాక్టరు గట్టిగా చెప్పాడు. లినెట్ ఆయన పక్కన చేరి ఇంకా గట్టిగా చెప్పింది. దానికి అమ్మ గొంతు వచ్చింది, ఎదురు మాట్లాడలేం.

కానీ నువ్వు వెళ్ళాలి. మావిస్‌ని తీసుకెళ్ళు. షాంపేన్ ఉందని చెబితే ఈదుకుంటూ అయినా వస్తుంది. నాకోసం ఒక్క పని చేసి పెట్టు. మిద్దె మీద ఒడ్డు వైపు నిలబడి, మనం నిలబడిన మెట్లు అక్కడికి కనిపిస్తాయో లేదో చూసి రాయి.

నీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి సోమవారం మధ్యాహ్నం అమ్మ మనిద్దర్నీ ఆ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళేది. నేను ఎర్రటోపీ పెట్టుకునేవాణ్ణి. కోట మీద తెల్లగుడ్డ ఒకటి ఊగేది. "అదిగో నాన్న, చెయ్యి ఊపు" అనేది అమ్మ. నేను భుజం నొప్పి పుట్టేదాకా ఊపేవాణ్ణి. ఇంటికి వచ్చినప్పుడు నాన్న నన్ను ఎత్తుకుని "నీ ఎర్రటోపీ చూశాన్రా" అనేవాడు. నిజంగా చూశాడా, పిల్లాడి మనసు కోసం అన్నాడా? నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఇప్పటికైనా తెలుసుకోవాలని ఉంది.

ఇక్కడ వేసవి అయిపోవచ్చింది. ఆపిల్ చెట్టు నిండా కాయలున్నాయి. కోయడానికి నిచ్చెన ఎక్కనివ్వడం లేదు లినెట్.

ప్రేమతో,
రెజ్


సౌత్‌సీ,
21 మార్చి 2014

రెజ్,

మోకాళ్ళా? అమ్మ పోయినప్పుడు విమానాల సమ్మె అన్నావు. మా ఆయన ఆర్థర్ పోయినప్పుడు లినెట్ పరీక్షలన్నావు. ఇప్పుడు మోకాళ్ళు. నీకు రాకూడదని ఉంటే సూటిగా చెప్పు, ఒళ్ళంతా ఒక్కొక్క ముక్కే ఉత్తరాల్లో పంపకు.

అమ్మని చివరిదాకా చూసుకున్నదాన్ని నేను. ఆ కిటికీ దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నదాన్ని నేను. నువ్వు భూగోళం అడుగున ఆపిల్స్ కోసుకుంటూ, నన్ను పోయి ఆ కోట మీద నిలబడి చూసి రమ్మంటున్నావు. నేను నిలబడను. కనిపిస్తే ఏమిటి, కనిపించకపోతే ఏమిటి? నాన్న పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. కొన్ని సంగతులు ఉన్నచోట ఉండనివ్వు.

మావిస్ ఇల్లు వాసన కొడుతోంది. దాని మనవడు కీరన్ నౌకాదళంలో చేరాడు కదా, ఓడ మంగళవారం బయల్దేరుతుందన్నారు. మంగళవారం అది జేబురుమాలు కూడా ఉతకలేదు. తీరా గాలి బాగాలేదని ఓడని ఆపారు, బుధవారమూ కదల్లేదు. "మనవాడు సముద్రం మీదికి వెళ్ళే రోజు బట్టలుతికితే వాణ్ణే నీళ్ళలోకి ఉతికేసినట్టు" అని అమ్మమ్మల కాలం మాట పట్టుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం ఓడ కదిలింది, ఈరోజు పొద్దున్నుంచి దాని మెషిన్ గోడ అదిరేలా తిరుగుతోంది. నవ్వొచ్చింది. తర్వాత అమ్మ గుర్తొచ్చింది. నాన్న సెలవు అయిపోయి గురువారం పడవలో కోటకి తిరిగి వెళ్తుంటే, నువ్వు పక్క తడిపినా ఆ దుప్పటి మర్నాటిదాకా మూల పడి ఉండాల్సిందే.

కానుక తిప్పి పంపుతాను. డబ్బు వెనక్కి తీసుకుని మోకాళ్ళకి నూనె కొనుక్కో.

ఎడ్నా


హోబార్ట్,
1 ఏప్రిల్ 2014

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు అన్నవన్నీ నిజమే. అమ్మ దగ్గర నువ్వున్నావు, నేను లేను.

కానుక తిప్పి పంపొద్దు. వెళ్ళాలని లేకపోతే మావిస్‌కి ఇచ్చెయ్యి.

రెజ్


సౌత్‌సీ,
18 ఏప్రిల్ 2014, గుడ్ ఫ్రైడే

తమ్ముడూ,

వెళ్ళొచ్చాను. నీ ఉత్తరంలో ఒక్క వెటకారం కూడా లేదు. మూడుసార్లు తిరగేశాను, ఎక్కడైనా దాచావేమోనని. అది చూసి నాకు భయం వేసింది. అందుకని పుట్టినరోజు పొద్దున్నే మావిస్ తలుపు కొట్టి "తయారవ్వు, కోటకి వెళ్తున్నాం" అన్నాను. అది అప్పటికే తయారై కూర్చుంది. నేను ఒప్పుకుంటానని వారం క్రితమే జుట్టు చుట్టించుకుందట.

పడవలో మెత్తటి సీట్లు, ఒళ్ళో దుప్పట్లు. కోట దగ్గరికి వెళ్ళేసరికి గోడ ఎంత ఎత్తో తెలిసింది. కింద పచ్చగా పాచి, దాని మీద నత్తలు. ఇనుప మెట్లు ఎక్కాక బెథనీ అనే అమ్మాయి పళ్ళెంలో షాంపేన్ పట్టుకుని నిలబడింది. మన ఊరి పిల్లే, ఫ్రాటన్ వైపు.

"మేడమ్, మీ గదిలో ఒకప్పుడు పెద్ద ఫిరంగి ఉండేది. ఇప్పుడు అక్కడ స్నానాల తొట్టి పెట్టాం" అంది.

"మరి ఫిరంగి తోమినవాళ్ళు ఒళ్ళు ఎక్కడ తోముకునేవాళ్ళు?" అన్నాను.

పాపం, దాని ముఖం చిన్నబోయింది. తర్వాత "మా నాన్న ఇక్కడ ఉండేవాడమ్మా, యుద్ధంలో" అన్నాను. ఆ పిల్ల పళ్ళెం పక్కన పెట్టి నా చేయి పట్టుకుంది. అప్పటినుంచి నాకు ఎక్కడికెళ్ళినా కుర్చీ వచ్చేది.

విందులో ఒక పళ్ళెం నిండా నురగ తెచ్చారు. నురగలో ఒకే ఒక్క రొయ్య. మావిస్ చాలాసేపు చూసి "ఏమ్మా, ఇది తినడానికా, చేతులు కడుక్కోడానికా?" అంది. ఆ తర్వాత వేడినీళ్ళ తొట్టిలోకి దిగి, పైకి రానంది. చుట్టూ చలిగాలి, మధ్యలో దాని తల ఒక్కటే, నోట్లో పాత డాన్సుహాలు పాటలు. లండన్ నుంచి వచ్చిన ఒక కొత్త జంట తొట్టి ఖాళీ అవుతుందేమోనని తువ్వాళ్ళు కప్పుకుని ఎదురుచూసి, చివరికి దాని పక్కనే దిగి పాట నేర్చుకున్నారు.

ఇక నువ్వడిగింది. ఒడ్డు వైపు నిలబడ్డాను. వట్టి కంటికి ఒడ్డున ఉన్నవాళ్ళు మిరియాలు చల్లినట్టున్నారు. మనిషేదో కుక్కేదో తెలియదు. నీకేం రాయాలా అని కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు బెథనీ వచ్చి "దుర్భిణిలో చూడండి మేడమ్" అంది. అతిథుల కోసం ఒక ఇత్తడి దుర్భిణి బిగించారు అక్కడ. కన్ను పెట్టి తిప్పుతుంటే మన మెట్లు దొరికాయి రెజ్! ఒకావిడ, పక్కన పసుపుచొక్కా పిల్లాడు. వాడి ఐస్‌క్రీమ్ రాళ్ళ మీద పడిపోయింది. నోరు తెరిచి ఏడుస్తున్నాడు. ఆ తెరిచిన నోరు కూడా కనిపించింది నాకు.

నాన్న ఫిరంగి దళంలో వాడు. ఓడల దూరం చూసే అద్దాలు వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. ఇంతకంటే మంచివే. కాబట్టి చూశాడు. నీ ఎర్రటోపీని, ఊపే చేతిని, కారే ముక్కుని, అన్నింటినీ చూశాడు. నిన్ను బుజ్జగించడానికి అన్న మాట కాదది. ఇక మనసులో పెట్టుకోకు.

నేను అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను. బట్టలారబెట్టే మెషిన్ పాడైందని బెథనీ అతిథుల తెల్లగౌన్లు తెచ్చి కమ్మీల మీద ఆరేసింది. గాలికి అవి ఊగుతుంటే చూడలేక కిందికి దిగిపోయాను. చలి కూడా ఎక్కువగానే ఉందిలే.

పోయిన ఉత్తరంలో అన్న మాటలకి మనసు కష్టపెట్టుకోకు. అరవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నీ అక్క,
ఎడ్నా

మరిచిపోయాను, మావిస్ ఆ బాతు ఈకల దిండు సంచిలో పెట్టుకుంది. నేను తీయించాను.


హోబార్ట్,
5 మే 2014

ఎడ్నా అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నాన్న చూశాడు. ఆ ఒక్క మాట చాలు నాకు. నీకు నేను ఏమిచ్చినా దీనికి సరిపోదు. మావిస్ పాట గురించి చదివి నవ్వితే లినెట్ మాత్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు.

నువ్వు ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా రాయలేదు. సగం చెప్పి ఆపావు, అంతే. నాన్న జనవరి దాకా చూశాడు. ఆ తర్వాత చూడలేదు, ఎందుకంటే ఆయన లేడు. కోటకి వెళ్ళే గురువారం పడవ జనవరి గాలిలో తిరగబడింది. నాన్న దొరకలేదు. నాకు మాత్రం మే నెలలో, పీటర్స్‌ఫీల్డ్‌లో పిన్ని ఇంట్లో చెప్పారు, పోయిన వారమే జరిగినట్టు. ఆ మధ్య నెలలన్నీ అమ్మ నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. కోట మీద తెల్లగుడ్డ ఊగుతూనే ఉంది. అది సైనికుల ఉతుకు. సోమవారం సోమవారం మిద్దె మీద ఆరేసేవాళ్ళు. గౌన్లు ఊగడం చూడలేక దిగిపోయానన్నావే, ఆ మాట నీ చేయి దాటి జారింది. నీకు అన్నీ గుర్తున్నాయి.

నాకు ఎప్పుడు తెలుసని అడుగుతావు. అప్పుడే తెలుసు అక్కా.

ఆ చలికాలంలో అమ్మ బోర్డింగు ఇళ్ళ బట్టలు ఉతకడానికి ఒప్పుకుంది, గుర్తుందా? ఒక గురువారం నేను వంటింట్లో బల్ల కింద కూర్చున్నాను. రాగి కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. కిటికీలోంచి కోట పడవ వెళ్ళడం కనిపించింది. అమ్మ తల ఎత్తలేదు. దుప్పటి ముంచింది, తీసింది, పిండింది, మళ్ళీ ముంచింది. గురువారం నా దుప్పటి తడపడానికి కూడా వణికిపోయే అమ్మ, ఇల్లంతా సబ్బునీళ్ళు చేసి ఊరందరి బట్టలు ఉతుకుతోంది. మన ఇంట్లో ఎవరికీ భయం లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ పడవలో మనవాళ్ళెవరూ లేరని.

మరి సోమవారం ఎందుకు చేయి ఊపానంటావా? "అదిగో నాన్న" అనేటప్పుడు అమ్మ గొంతు పాత అమ్మ గొంతులా ఉండేది. వారంలో అదొక్కసారే వినపడేది. నేను ఊపడం మానేస్తే అదీ పోతుందని భయం. నువ్వు నా వెనక నిలబడి నా కోటు కాలరు పట్టుకునేదానివి. ఆ నెలల్లో నువ్వు ఒక్కసారి కూడా చేయి ఊపలేదు. నీకూ తెలుసని అలా తెలిసింది. అమ్మ నీచేత ఒట్టు వేయించుకుందని చాలా ఏళ్ళ తర్వాత అర్థం చేసుకున్నాను.

ఆ ఒట్టు నీది కాబట్టి నేను విప్పకూడదనుకున్నాను. అందుకే కోటకి రమ్మన్నాను. మనిద్దరం అక్కడ నిలబడితే, నువ్వే చెబుతావేమోననుకున్నాను. ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావు. నేను పోయేలోగా దించుకుంటావని ఆశ.

అది మోకాళ్ళు కాదు. గుండె. కవాటం ఒకటి చెడింది. మే 22న కోసి మారుస్తారు, చూడు, గురువారమే వచ్చింది. లినెట్‌కి ఫోన్ చేసి కంగారు పెట్టకు, ఆ పిల్ల నా ముందు నవ్వి స్నానాలగదిలో ఏడుస్తోంది. మన ఇంటి అలవాటు ఎక్కడికి పోతుంది?

నీ తమ్ముడు,
రెజ్


సౌత్‌సీ,
22 మే 2014, గురువారం

నా చిట్టి తమ్ముడూ,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు కళ్ళు తెరిచి, ఆసుపత్రి పాయసం బాగాలేదని నర్సుల్ని విసిగిస్తూ ఉంటావు. లినెట్ పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. ముందు అది నీ చెవుల యంత్రం సరిగ్గా పెట్టిందో లేదో చూడు.

అవును, ఒట్టు వేయించుకుంది. "తమ్ముడికి చెప్పకు, వాడు చిన్నవాడు, వాడికి ఇంకొన్నాళ్ళు నాన్న ఉండనీ" అంది. ఇంకొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో చెప్పలేదు. మే నెలలో చెప్పాక కూడా ఒట్టు విప్పలేదు. నేను అడగలేదు. ఆవిడ పోయాక ఎవర్ని అడగను? నువ్వు ప్రతి ఉత్తరంలో తెల్లగుడ్డ మాట ఎత్తినప్పుడల్లా ఆ కాగితం మడిచి పక్కన పెట్టేసేదాన్ని. ఆ బల్ల కింద అయిదేళ్ళవాడివి కూర్చుని అంతా చూశావా నాయనా! నీ కాలరు పట్టుకున్నది నువ్వు పరిగెత్తకుండా కాదు, నేను పడిపోకుండా.

నిన్ను మోకాళ్ళ గురించి అన్న మాటలు తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తోంది. వచ్చేసెయ్యి, కూర్చోబెట్టి తినిపిస్తాను.

మీకు రోజు మాకంటే ముందే మొదలవుతుందని మావిస్ లెక్క చెప్పింది. అందుకని నిన్న మధ్యాహ్నం నుంచే ఈ ఇంట్లో సబ్బు ముట్టలేదు. గిన్నె తుడిచే గుడ్డ కూడా తడపలేదు. సముద్రమేమీ దాటడం లేదు కదా, ఆపరేషనే కదా అని నేనే అనుకున్నాను. మావిస్ ఒప్పుకోలేదు. "మత్తిచ్చి పంపితే అది మాత్రం ఏ సముద్రం కాదు?" అంది. మధ్యాహ్నం బీట్‌రూట్ ఒలికించుకుంది, దాని ఒక్కగానొక్క మంచి జాకెట్టు మీద. నీళ్ళు చిలకరించబోయి ఆగిపోయింది. ఆ మరకతోనే నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. నీకు బాగయ్యాక జాకెట్టు ఖరీదు పంపాలట.

కోట స్పష్టంగా కనిపిస్తోంది. గాలి లేదు. సముద్రం బుద్ధిగా ఉంది.

తొందరగా రాయి.

నీ అక్క,
ఎడ్నా


హోబార్ట్,
3 జూన్ 2014

ఎడ్నా అత్తయ్యా,

ఫోన్‌లో మీరు "సరేనమ్మా, సరేనమ్మా" అంటూ ఫోన్ పెట్టేశారు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. నాన్న గుండె మళ్ళీ మొదలుకాలేదు. నొప్పి తెలియలేదన్నారు.

అంత్యక్రియలు అయిపోయిన మర్నాడు మీ ఉత్తరం వచ్చింది. నాన్న పేరుతో ఉన్న కవరు విప్పవచ్చో లేదో తెలియక రెండు రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. చివరికి ఆయన కుర్చీలో కూర్చుని చదివాను. అప్పటికి నాకు కోట సంగతి తెలుసు. ఆసుపత్రికి వెళ్ళేముందు నాన్న అంతా చెప్పారు, మీ ఏప్రిల్ ఉత్తరం చదివి వినిపించారు. పసుపుచొక్కా పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగి కళ్ళు తుడుచుకునేవారు. ఆ ఉత్తరం ఆయన కోటు జేబులో పెట్టి ఆయనతోనే పంపాను. తప్పు చేయలేదు కదా?

అత్తయ్యా, ఒకటి అడగాలి. అడగకుండా ఉండలేకపోతున్నాను. ఆ గురువారం పొద్దున నాన్నని ఆసుపత్రిలో దించి ఇంటికి వచ్చాను. ఊరికే కూర్చోలేక ఆయన పైజమాలన్నీ ఉతికాను. తిరిగి వచ్చాక శుభ్రమైనవి వేసుకుంటారని. వెనక దండెం మీద ఆరేస్తుంటేనే ఫోన్ మోగింది.

ఉతకకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న బల్ల కింద కూర్చున్న కథ చెప్పారు, కానీ నాకు ఆ మాట తట్టలేదు. అవి ఇంకా దండెం మీదే ఉన్నాయి. తీయడానికి చేతులు రావడం లేదు. వర్షానికి తడిసి, ఎండకి ఎండి, మళ్ళీ తడుస్తున్నాయి. పిచ్చి మాటని నాకూ తెలుసు. అయినా మీరు చెప్పండి.

మీ మేనకోడలు,
లినెట్


సౌత్‌సీ,
12 జూన్ 2014, గురువారం

నా తల్లీ లినెట్,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. టీ చల్లారిపోతున్నా లేవకుండా జవాబు రాస్తున్నాను, ఈరోజే పోస్టులో వెయ్యాలి.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఉత్తరం జేబులో పెట్టినదీ తప్పు కాదు, పైజమాలు ఉతికినదీ తప్పు కాదు. ఇది నేను నిన్ను ఊరుకోబెట్టడానికి అనడం లేదు. మీ నాన్నకి కూడా తెలియని ఒక సంగతి ఉంది. వాడికి చెప్పేలోగా వెళ్ళిపోయాడు, నీకు చెబుతున్నాను.

మా నాన్న పోయిన ఆ జనవరి గురువారం మా అమ్మ ఏమీ ఉతకలేదు. నాకు బాగా గుర్తు. నాన్నకి ముందు రోజు దగ్గు ఎక్కువగా ఉంది, ఆయన రుమాళ్ళన్నీ నీళ్ళతొట్టి పక్కన కుప్పగా ఉన్నాయి. నేను బడికి వెళ్ళేముందు ఒకటి తడపబోతే అమ్మ నా చేతి మీద కొట్టింది. "నాన్న పడవ వెళ్తోంది, ముట్టుకోకు" అంది. తనూ ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. దండెం ఖాళీగా ఉంది. తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకుంది పిచ్చితల్లి. అయినా పడవ తిరగబడింది.

ఆ రుమాళ్ళు అలాగే ఉండిపోయాయి. వారం తర్వాత వచ్చిన గురువారం అమ్మ కాగు కింద నిప్పు వేసి, మొదట అవే ఉతికింది. తర్వాత ఊరివాళ్ళవి. ఇక ఆ మాట మీద ఆవిడకి నమ్మకం పోయింది. మీ నాన్న బల్ల కింద నుంచి చూసింది ఆ రోజునే అనుకుంటాను.

మొన్న మే 22న నేనూ ఉతకలేదు. మావిస్ మరకతో కూర్చుంది. భూమికి ఈ చివర ఇద్దరం ముసలివాళ్ళం ఒక గుడ్డ కూడా తడపకుండా కాపలా కాశాం. ఏమైంది? వాడు వెళ్ళిపోయాడు. ఉతికినా వెళ్తారమ్మా, ఉతకకపోయినా వెళ్తారు. నువ్వు చేసిందల్లా మీ నాన్న ఇంటికి వస్తాడనుకుని బట్టలు సిద్ధం చేయడం. అంతకంటే మంచి పని ఆ రోజు ఎవరూ చేయలేదు, నేను కూడా చేయలేదు.

వెళ్ళి అవి తీసి మడతపెట్టు. ఇంకోసారి ఉతకాలనిపిస్తే ఉతుకు. ఒకటి నాకు పంపు. వదులుగా ఉన్నా పరవాలేదు, చలికాలం వేసుకుంటాను.

నాకు చాలా బాధగా ఉంది లినెట్. వాణ్ణి తిడుతూ ఉత్తరం రాయబోయి కలం తీసి, మళ్ళీ పెట్టేస్తున్నాను. నువ్వు నాకు రాస్తూ ఉండు. నీకు వినపడుతుంది కాబట్టి ఫోన్ కూడా చెయ్యి.

ఈరోజు నేను పొద్దున్నే లేచి నా తెల్లదుప్పట్లన్నీ ఉతికాను. మావిస్ వాళ్ళ కీరన్ ఓడ ఈరోజే ఏదో రేవు నుంచి మళ్ళీ బయల్దేరుతుందని అది కొంచెం గునిసింది, తర్వాత తనే వచ్చి రెండో కొస పట్టుకుని పిండింది. వెనకవైపు కాకుండా, కోటకి ఎదురుగా ఉన్న తీగ మీద ఆరేశాం. హోటల్‌వాళ్ళు ఎవరైనా ఆ దుర్భిణిలో చూస్తే కనిపిస్తాయి. గాలి బాగా వీస్తోంది, మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి.

నీ అత్తయ్య,
ఎడ్నా